లోగో వెనక దాగిన ఎర్రర్లు: అమ్మ పాటల డిస్క్ కోసం 8 రోజులు

మే 27, మంగళవారం సాయంత్రం. ఈసారి రోహిణి కార్తెలోనే వానలు మొదలయ్యాయి కదా, మా హనుమకొండలో ఆ రోజు కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. రెండోసారి వచ్చాక కంప్యూటర్ ఆన్ చేశాను. కంపెనీ లోగో వచ్చింది, దాని కింద చిన్న వలయం తిరగడం మొదలైంది. రోజూ వచ్చేదే కాబట్టి వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని వచ్చాను. వలయం ఇంకా తిరుగుతూనే ఉంది. కాసేపటికి లోగో పోయింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లిష్ అక్షరాలు నాలుగైదు వరుసలు వచ్చి ఆగాయి. మొదటి వరుసలో 'యు ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్' అని ఉంది.

ఎమర్జెన్సీ అనే మాట చూడగానే గుండె దడ మొదలైంది. మిగతా వరుసలు చదవలేదు. నేరుగా స్విచ్ ఆపేశాను. ఆ మిగతా వరుసల్లోనే తర్వాత ఏం చేయాలో రాసి ఉందని నాకు ఆ రోజు తెలియదు.

అంత భయం ఎందుకో చెప్పాలి. ఆ కంప్యూటర్‌లో మా అమ్మ పాడిన పాటలున్నాయి. 2018 నుంచి 2021 దాకా సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా రికార్డు చేసినవి. పెళ్లిపాటలు, బతుకమ్మ పాటలు, మంగళహారతులు, నాట్లేసేటప్పుడు పాడుకునేవి, మొత్తం 212 ఫైళ్లు. అమ్మ 2023 జనవరిలో పోయింది. ఆ ఫైళ్లకు ఇంకో కాపీ లేదు. ప్రతి సెలవుల్లో చేద్దామనుకోవడం, బడి తెరవగానే మరిచిపోవడం. అలాగే రెండున్నరేళ్లు గడిచాయి.

మర్నాడు, మే 28న, సీపీయూ డబ్బాను ఆటోలో పెట్టుకుని ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి ఆన్ చేశాడు. లోగో, వలయం. రెండు నిమిషాలు చూసి, 'ఫార్మాట్ కొట్టాలి మేడం. ఉబుంటు తీసేసి విండోస్ వేస్తాం. డేటాకు గ్యారంటీ లేదు' అన్నాడు. ఉబుంటు అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, నా దాంట్లో ఉన్నది అదే.

'ఏ ఎర్రర్ వచ్చింది?' అని అడిగాను.

'ఎర్రర్ ఏం లేదు మేడం, బూట్ అవ్వట్లేదు, అంతే.'

నాకు కంప్యూటర్ గురించి పెద్దగా తెలియదు. కానీ నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. పిల్లవాడు ఏం రాశాడో చదవకుండా మార్కులు వేయడం ఎలా ఉంటుందో, ఈ మాట అలా అనిపించింది. ముందురోజు నాలుగు వరుసలు వచ్చాయని, అవి నేను కళ్లారా చూశానని చెప్పాను. 'అవన్నీ మామూలే' అన్నాడు. చూసినందుకు రూ.200 తీసుకున్నారు. ఆటోకు పోను 120, రాను 120. డబ్బాను మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఈ మొత్తం వ్యవహారంలో నేను తీసుకున్న సరైన నిర్ణయం అదొక్కటే. అక్కడ వదిలేసి వచ్చి ఉంటే సాయంత్రానికి అమ్మ గొంతు ఉండేది కాదు.

ఆ రాత్రి 9 గంటలకు మా అక్క కొడుక్కు ఫోన్ చేశాను. వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. 2022 దసరా సెలవుల్లో ఈ కంప్యూటర్‌కు చిన్న ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) పెట్టి, అందులో ఉబుంటు వేసింది వాడే. 2017లో కొన్న పాత 1 టీబీ హార్డ్ డిస్క్‌ను డేటా కోసం అలాగే ఉంచాడు. పాటలన్నీ ఆ పాతదాంట్లోనే ఉన్నాయి.

వాడు మొదట అన్న మాట: 'చిన్నమ్మా, అసలు అక్కడ ఏం రాసుందో ముందు చదువుదాం. చదివేదాకా ఏదీ నొక్కొద్దు, ఏదీ మార్చొద్దు.'

తర్వాత అడిగాడు, 'లోగో వచ్చి వలయం తిరుగుతున్నప్పుడు ఎస్కేప్ కీ నొక్కావా ఎప్పుడైనా?' అని.

లేదు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నొక్కలేదు.

నొక్కాను. ఆ లోగో తెర పక్కకు జరిగి, దాని వెనక వరుసలు వరుసలుగా అక్షరాలు పరిగెత్తుతూ కనిపించాయి. ప్రతి వరుస ముందు ఆకుపచ్చ రంగులో 'ఓకే' అని. మధ్యలో ఎక్కడో ఎర్రగా ఏదో వచ్చింది, కన్ను పడేలోపే పైకి వెళ్లిపోయింది. మూడుసార్లు ఆపి ఆన్ చేసినా ఆ ఎర్ర వరుస చిక్కలేదు. అప్పుడు వాడు ఒక ఉపాయం చెప్పాడు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పెట్టి, ఫోన్‌ను స్టీలు గ్లాసుకు ఆనించి తెర ఎదురుగా ఉంచమన్నాడు. తర్వాత ఆ వీడియోను వేలితో కొద్దికొద్దిగా జరుపుకుంటూ చదవొచ్చు. తెర నుంచి అటూ ఇటూ మెరుపు గీతలు పడతాయి కానీ అక్షరాలు తెలుస్తాయి. ఇలాంటి ఇబ్బందిలో ఉన్న ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే. పైసా ఖర్చు లేదు.

అయితే ఎస్కేప్ నొక్కాక కనిపించేది సగమే అని, మొదటి క్షణం నుంచి అన్నీ చూడాలంటే ఇంకోటి చేయాలని వాడన్నాడు. ఉబుంటు మొదలయ్యే ముందు వచ్చే గ్రబ్ అనే మెనూ దగ్గర ఆపి, 'క్వైట్ స్ప్లాష్' అనే రెండు మాటలు తీసేయాలి. క్వైట్ అంటే సందేశాలు చూపించకుండా మౌనంగా ఉండు అని, స్ప్లాష్ అంటే బొమ్మ చూపించు అని మనం కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞ. అవి ఉబుంటులో మామూలుగానే ఉంటాయట. అంటే చూపించొద్దని ముందే చెప్పి ఉంచాం.

ఆ మెనూ రప్పించడానికే గంట పట్టింది. నా వైర్‌లెస్ కీబోర్డు ఆ సమయంలో పని చేయలేదు. దాని రిసీవర్‌ను ముందున్న నీలం పోర్టులోంచి తీసి వెనకాల నల్ల పోర్టులో పెడితే పని చేసింది. ఎస్కేప్ కీని లోగో మాయమయ్యే క్షణంలో ఒకే ఒక్కసారి నొక్కాలి. కంగారులో టకటకా నాలుగుసార్లు నొక్కితే మెనూ దాటిపోయి, పైన 'గ్రబ్' అని ఒక మాట, పక్కన మినుకుమనే గీత, అంతే మిగిలాయి. మొత్తం పోయిందనుకుని చేతులు చల్లబడ్డాయి. 'ఏం కాలేదు చిన్నమ్మా, నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టు' అన్నాడు. కొట్టగానే మెనూ వచ్చింది.

మెనూలో మొదటి వరుస మీద ఉండి 'ఇ' అక్షరం నొక్కితే ఒక పేజీ తెరుచుకుంది. అందులో లినక్స్ అనే మాటతో మొదలయ్యే పొడుగాటి వరుస ఉంటుంది. దాని చివర ఆ రెండు మాటలు. బాణం కీలతో అక్కడికి వెళ్లి చెరిపి, కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కాను. ఈ మార్పు ఆ ఒక్కసారికే ఉంటుంది, తర్వాత ఆన్ చేస్తే మళ్లీ మామూలే. ఆ మాట విన్నాకే ధైర్యం వచ్చింది. పాడు చేస్తానేమోనన్న భయం లేకపోతే చేతులు వణకవు.

ఈసారి మొదటి వరుస నుంచి కనిపించింది. ప్రతి వరుసకూ ఎడమ పక్క బ్రాకెట్లో ఒక అంకె ఉంటుంది. అది మొదలైనప్పటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో చెబుతుంది. వరుసలన్నీ 1, 2, 3 సెకన్లలో గబగబా వెళ్లిపోయి, ఒక చోట ఆగాయి. అక్కడ ఉన్నది అలాగే నోటు పుస్తకంలో రాసుకున్నాను: 'ఏటీఏ2: లింక్ ఈజ్ స్లో టు రెస్పాండ్, ప్లీజ్ బి పేషెంట్.' డిస్క్ నుంచి జవాబు ఆలస్యమవుతోంది, దయచేసి ఓపిక పట్టండి అని. దాని కింద ఇంకో వరుస, 'కామ్‌రీసెట్ ఫెయిల్డ్.' డిస్క్‌ను మళ్లీ పలకరించినా పలకలేదని. మళ్లీ ఓపిక పట్టమనే వరుస, మళ్లీ ఫెయిల్డ్. ఆ తర్వాత ఎర్రటి చుక్కలు అటూ ఇటూ నడుస్తూ, పక్కన గడియారం. 1 నిమిషం 30 సెకన్ల దాకా లెక్కపెట్టి, ఫలానా డిస్క్ కోసం చూసి చూసి వదిలేశామని చెప్పి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లింది.

రాత్రి 11:40 అయింది. ఆ ఓపిక పట్టమన్న వరుసను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అన్నాళ్లూ లోగో కింద వలయం తిరుగుతున్నప్పుడల్లా, 'పాతదైపోయింది, నెమ్మదించింది' అనుకుంటూ టీ పెట్టుకోవడానికి వెళ్లేదాన్ని. అదే సమయంలో వెనకాల ఆ డబ్బా ఈ మాట చెబుతూ ఉందన్నమాట.

మే 29. మావాడు చెప్పినట్టు మొదట కేబుల్ మార్చాను. డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్, రూ.150. డిస్క్ అసలు పలకకపోతే కేబుల్ వదులైనా కారణం కావచ్చట. కరెంటు ప్లగ్గు పీకేసి, డబ్బా పక్క రేకు తీసి, దుమ్ము తుడిచి, ఫోన్‌లో ముందు ఫొటో తీసుకుని, ఒక కేబుల్ తీసి ఇంకోటి పెట్టాను. నా జీవితంలో కంప్యూటర్ లోపల చెయ్యి పెట్టడం అదే మొదలు.

ఆన్ చేస్తే ఈసారి ఓపిక పట్టమనే వరుస రాలేదు. సంతోషం అర నిమిషం కూడా నిలవలేదు. కొత్త వరుసలు పడ్డాయి. వాటిలో 'ఫెయిల్డ్ కమాండ్', దాని కింద 'ఎర్రర్' పక్కన బ్రాకెట్లో 'యూఎన్‌సీ', ఆ తర్వాత 'ఐ/ఓ ఎర్రర్', ఫలానా సెక్టార్ (డిస్క్ మీది ఒక చిన్న గడి) అని పెద్ద అంకె. మావాడికి వీడియో పంపితే ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. కేబుల్ చెడితే సాధారణంగా అక్కడ 'ఐసీఆర్‌సీ' అని వస్తుంది. యూఎన్‌సీ అంటే డిస్క్ తన పలక మీదున్నదాన్ని తానే చదవలేకపోతోంది, సరిదిద్దుకోలేకపోతోంది. ఒక్క మూడక్షరాల తేడా. కేబుల్ అయితే రూ.150తో పోయేది.

అదే బూటింగ్‌లో కింద ఇంకో ఎర్ర వరుస ఉంది. ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో చెప్పే లెక్క) తనిఖీ ఫెయిలైందని, ఎఫ్ఎస్‌సీకే అనే పనిముట్టును చేత్తో నడపమని. నేను ఇంటర్నెట్‌లో వెతికితే అందరూ అదే చెప్పారు, నడుపు, అడిగిన ప్రతిదానికీ అవునని చెప్పు అని. నేను టైప్ చేయబోతుంటే ఫోన్‌లోంచి మావాడు గట్టిగా అరిచాడు, 'వద్దు చిన్నమ్మా!' అని. ఆ పనిముట్టు డిస్క్ మీద రాతలు మారుస్తుంది. బాగున్న డిస్క్‌లో లెక్క తప్పితే అది మంచిదే. కానీ చదవడమే కష్టమవుతున్న డిస్క్ మీద దాన్ని నడిపితే ఉన్నది కూడా చెదిరిపోవచ్చు. ముందు కాపీ, ఆ తర్వాత ఏదైనా ఆ కాపీ మీదే. తెర మీద వచ్చిన ఎర్రర్‌ను చదవాలి, కానీ అది చేయమన్నది వెంటనే చేయకూడదని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ సాయంత్రమే ఇంకో విషయం బయటపడింది. 'కంపెనీ లోగో వెనకాల కూడా ఏదో ఉండొచ్చు, చూద్దాం' అన్నాడు. ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కితే బయోస్ అనే సెట్టింగుల పేజీ వచ్చింది. అందులో బూట్ అనే భాగంలో పూర్తి తెర లోగో అని ఒకటి, ఎర్రర్ వస్తే ఎఫ్1 నొక్కేదాకా ఆగాలా అని ఒకటి ఉన్నాయి. లోగో ఆన్‌లో ఉంది. ఆగడం ఆఫ్‌లో ఉంది. రెంటినీ తిరగేసి, సేవ్ చేసి, మళ్లీ ఆన్ చేశాను. లోగో ఉండే చోట నల్లటి తెర. డిస్కుల పేర్లు. వాటి కింద ఒక వరుస: 'స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్.' తర్వాత ఎఫ్1 నొక్కమని.

డిస్క్ పరిస్థితి బాగాలేదు, కాపీ తీసుకుని మార్చండి. ఇంత సూటిగా. లోగో మెరిసినంత సేపూ దాని వెనక ఈ వరుస ఉంది. నేను కుర్చీలోనే ఏడ్చేశాను. మా ఆయన వచ్చి ఏమైందని అడిగితే తెర వైపు చూపించాను.

మే 30న కంప్యూటర్ తెరుచుకుంది. ఎమర్జెన్సీ మోడ్‌లో ఎంటర్ కొట్టి, డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ అనే ఫైలును ముందు కాపీ చేసి, అందులో పాత డిస్క్ వరుస ముందు ఒక హాష్ గుర్తు పెట్టాను. అంటే ఆ వరుసను ప్రస్తుతానికి పట్టించుకోవద్దని. ఒకే ఒక్క గుర్తు. మళ్లీ ఆన్ చేస్తే 40 సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చింది. పాటలు మాత్రం ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నాయి.

ఇప్పుడు జర్నల్‌సీటీఎల్ అనే కమాండ్‌తో పాత రోజుల సందేశాలు కూడా వెతికాం. తెర మీద పరిగెత్తి పోయినవన్నీ లోపల తేదీతో సహా రాసి ఉంటాయట. స్పేస్ నొక్కితే పేజీ ముందుకు, క్యూ నొక్కితే బయటికి. ఆ క్యూ సంగతి తెలియక మొదట పది నిమిషాలు అందులోనే ఇరుక్కుపోయాను. చదవలేని సెక్టార్ ఎర్రర్ మొదటిసారి ఎప్పుడొచ్చిందో వెతికితే మార్చి 6, రాత్రి 9:48 అని వచ్చింది.

ఆ రాత్రి నాకు బాగా గుర్తుంది. మర్నాడు బడిలో మహిళా దినోత్సవ వేడుక. ఆడపిల్లలకు వినిపిద్దామని అమ్మ పాడిన ఒక నాట్ల పాట తీశాను. రెండో చరణంలో పాట ఠక్కున ఆగింది. ఐదారు సెకన్లు ఏమీ లేదు. మళ్లీ అక్కడి నుంచే మొదలైంది. కంప్యూటర్ తడబడిందిలే అనుకుని వేరే పాట తీసుకుపోయాను. అప్పుడే ఆ సెక్టార్‌ను చదవడానికి డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని ఇప్పుడు తెలిసింది. మార్చి 6 నుంచి మే 27 దాకా, దాదాపు పన్నెండు వారాలు.

డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్‌సీటీఎల్‌లో అంకెలు కూడా అదే చెప్పాయి. చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు 344. కేబుల్ తప్పుల లెక్క సున్నా.

హైదరాబాద్‌లో డేటా తిరిగి తీసిచ్చే ఒక చోటికి ఫోన్ చేశాను. చూడకుండా చెప్పలేం కానీ రూ.15,000 నుంచి రూ.25,000 దాకా అవుతుంది, వారం పది రోజులు పడుతుంది అన్నారు. వాళ్లు ఒక మంచి ప్రశ్న వేశారు, 'డిస్క్ నుంచి టిక్ టిక్ అని శబ్దం వస్తోందా?' అని. చెవి ఆనించి విన్నాను, లేదు. శబ్దం వస్తుంటే ఇంట్లో అసలు ముట్టుకోవద్దు, వెంటనే ఆపేయండి అన్నారు. మావాడూ అదే మాటన్నాడు. శబ్దం లేదు కాబట్టి ఇంట్లో ఒకే ఒక్కసారి ప్రయత్నిద్దాం, శబ్దం మొదలైతే ఆ క్షణం ఆపేసి హైదరాబాద్ పంపిద్దాం అని ఒప్పుకున్నాం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు మిగుల్చుకోవడానికి అమ్మ పాటలతో ఆడుకుంటున్నానా అని మనసులో ఒకటే పీకులాట. ఇప్పటికీ అది సరైన నిర్ణయమేనని అందరికీ చెప్పలేను. మావాడు ఫోన్‌లో పక్కనే ఉన్నాడు కాబట్టి చేశాను.

మే 31న 2 టీబీ బయటి డిస్క్ కొన్నాను, రూ.6,400. చెడిపోయిన డిస్క్ 1 టీబీ అయితే కాపీకి అంతకంటే పెద్దదే కావాలి, ఎందుకంటే ఖాళీ చోటుతో సహా మొత్తం డిస్క్‌ను ఒకే ఫైలుగా తీస్తాం. కొత్త డిస్క్‌ను ముందు ఫార్మాట్ చేయాలి. అక్కడ టెన్షన్‌తో చెమటలు పట్టాయి. ఉబుంటులో డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని పేర్లుంటాయి. ముందురోజు ఎస్‌డీబీ అని చూసింది ఈరోజు ఎస్‌డీసీ అయి కూర్చుంది. ఆ పేర్లు ఆన్ చేసిన ప్రతిసారీ మారొచ్చట. అందుకని మావాడు పాత డిస్క్ మీద అంటించిన కాగితంలోని సీరియల్ నంబరును టార్చ్ వేసి చదివించాడు, తెర మీది నంబరుతో అక్షరం అక్షరం సరిచూశాడు, ఆ తర్వాతే ఎంటర్ కొట్టనిచ్చాడు.

జూన్ 1, ఆదివారం ఉదయం 6:10కి డీడీరెస్క్యూ అనే, చెడిన డిస్క్ నుంచి కాపీ తీసే పనిముట్టును మొదలుపెట్టాం. మామూలు కాపీ అయితే చదవలేని చోట ఆగిపోతుంది, లేదా అక్కడే గంటల తరబడి గీరుతూ డిస్క్‌ను చంపేస్తుంది. ఇది ముందు సులభంగా వచ్చేదంతా తీసుకుంటుంది, కష్టమైన చోట్లను దాటేసి, వాటి దగ్గరికి చివర్లో వస్తుంది. ఏది తీసిందీ ఏది మిగిలిందీ ఒక చిన్న ఫైల్లో రాసుకుంటుంది. ఆ చిన్న ఫైలు ఎంత విలువైందో ఆ రాత్రే తెలిసింది.

పక్కింటివాళ్ల దగ్గర యూపీఎస్ అడిగి తెచ్చుకున్నాను. సీపీయూకు ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. మొదటి 9 గంటల్లోనే దాదాపు మొత్తం వచ్చేసింది, 310 ఎంబీ తప్ప. అన్నం కూడా అక్కడే కూర్చుని తిన్నాను. ఆ తర్వాత అంకె కదలడం మానేసింది. గంటకు ఆరేడు ఎంబీ, ఒక్కోసారి అదీ లేదు. నేను ప్రతి పది నిమిషాలకూ డిస్క్‌కు చెవి ఆనించి టిక్ టిక్ వస్తుందేమోనని వినేదాన్ని. రాత్రి 12:20కి వానకు కరెంటు పోయింది. యూపీఎస్ 20 నిమిషాలు నడిపించింది. కరెంటు రాదని తేలాక కంట్రోల్, సి నొక్కి మర్యాదగా ఆపి, కంప్యూటర్ షట్‌డౌన్ చేశాను. తెల్లవారుజామున 3కి కరెంటు వచ్చింది. మళ్లీ సీరియల్ నంబరు సరిచూసుకుని, అదే కమాండ్ కొట్టాను. ఆగిన చోటు నుంచే మొదలైంది.

జూన్ 2న వీధి చివర అవతరణ దినోత్సవం జెండా ఎగరేస్తుంటే నేను తెర ముందే ఉన్నాను. ఆ రోజంతా, ఆ రాత్రంతా నడిచింది. జూన్ 3 మధ్యాహ్నం 2కి ఇంకా 41 ఎంబీ మిగిలి ఉండగా మావాడు 'చాలు చిన్నమ్మా, డిస్క్‌కు ఇక విశ్రాంతి ఇద్దాం' అన్నాడు. ఆ పాత డిస్క్ తీగలు పీకేశాను. చేత్తో పట్టుకుంటే ఇంకా వేడిగా ఉంది.

కాపీని చదవడానికి మాత్రమే తెరిచాం, దాని మీద ఏమీ రాయకుండా. ఫోల్డర్ కనిపించింది. 212 ఫైళ్లు ఉన్నాయి. ఒక్కొక్కటి తెరిచి వినడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, కొన్ని పాటల దగ్గర ముందుకు సాగలేకపోయాను. 207 ఏ మచ్చా లేకుండా ఉన్నాయి. మూడింట్లో ఒక క్షణం గరగర. ఒక మంగళహారతి అసలు తెరుచుకోలేదు. ఐదోది ఆ నాట్ల పాట. సరిగ్గా రెండో చరణంలో, 1 నిమిషం 42 సెకన్ల దగ్గర, అమ్మ గొంతు పోయి, ఆరు సెకన్లు ఏమీ లేక, మళ్లీ వస్తుంది.

ఖర్చు లెక్క: ఆటోలు 240, షాపు 200, కేబుల్ 150, డిస్క్ 6,400, ఇంకో కాపీ అక్క ఇంట్లో ఉంచడానికి పెన్‌డ్రైవ్ 900. మొత్తం రూ.7,890. పన్నెండు వారాల ముందు ఒక్కసారి ఎస్కేప్ నొక్కి ఉంటే ఆ పెన్‌డ్రైవ్ 900తో పోయేది.

ఇప్పుడు క్వైట్ స్ప్లాష్‌ను శాశ్వతంగా తీసేయించుకున్నాను, కంపెనీ లోగో కూడా. రోజూ ఆన్ చేసినప్పుడు ఆ వరుసలన్నీ నా ముందే పోతాయి. అయితే ఒక హెచ్చరిక. జూన్ 10న పైనే ఒక వరుసలో 'ఏసీపీఐ బయోస్ ఎర్రర్' అని చూసి మళ్లీ గుండె ఆగినంత పనైంది. మావాడు పాత జర్నల్ తీసి చూపించాడు. ఆ వరుస మాకు దొరికిన మొదటి రోజు నుంచీ ప్రతిసారీ ఉంది, దానివల్ల ఏ నష్టమూ లేదు. ఎర్రర్ అని కనిపించిన ప్రతిదీ ప్రమాదం కాదు. అందుకని కంప్యూటర్ బాగా నడుస్తున్న రోజున వచ్చే వరుసలను ఒకసారి వీడియో తీసి పెట్టుకున్నాను. కొత్తగా ఏదైనా వస్తే దాంతో పోల్చుకుంటే తెలిసిపోతుంది.

జూన్ 12న బడి తెరిచారు. అంతకు ముందు రాత్రి అక్కకు ఆ నాట్ల పాట పంపాను. పోయిన ఆరు సెకన్లలోని మాటలు అక్క ఫోన్‌లో చెప్పింది, నోటు పుస్తకంలో, ఆ ఏటీఏ2 వరుస రాసుకున్న పేజీకి వెనకవైపు రాసుకున్నాను. రెండు మాటల దగ్గర మాత్రం అక్కకూ నాకూ కుదరలేదు. అమ్మ పక్కన నాట్లేసిన మేనత్త ఇంకా ఊళ్లోనే ఉంది. వచ్చే ఆదివారం వెళ్లి అడగాలి. రికార్డర్ ఛార్జింగ్ పెట్టాను.